మొదటి పక్క, పూర్తిగా

మైకు గొట్టం కట్టేటప్పుడు ఎజ్రా కిందకి చూడడు. కళ్ళు తిరుగుతాయని కాదు. నలభై ఏళ్ళుగా స్తంభాలూ చెట్లూ ఎక్కుతున్న మనిషికి ఆ భయం లేదు. అమ్మవారి పండగ రోజున కింద జరిగేది చూడలేక. దొరసింగివలసలో పై వీధీ కింద వీధీ కలిసే మలుపు దగ్గర నిచ్చెన చివరన నిలబడి, ఇనప తీగ పళ్ళతో పట్టుకుని, గొట్టం మెడకి మూడో చుట్టు బిగిస్తుంటే కింద ఎవరో మేకపోతు వెనక కాళ్ళు లాగి పట్టుకున్నారు. ఇంకెవరో కత్తి ఎత్తారు. మేక సగం అరిచింది, మిగతా సగం బయటికి రాలేదు. నిచ్చెన కాళ్ళ మీద రక్తం చిమ్మింది. జనం కేక పెట్టారు. ఎజ్రా తీగ కొన వంచి, పళ్ళ మధ్య మిగిలిన తుప్పు ఉమ్మి, మెల్లగా దిగాడు. ఆఖరి మెట్టు మీద కాలు జారకుండా లుంగీ అంచుతో దాన్ని తుడిచాడు.

బక్క మనిషి. యాభై మూడేళ్ళు. పిక్కల మీద తాళ్ళు ఒరుసుకున్న మచ్చలు, వేళ్ళ కొసలు టంకం పెట్టే సీసం కాలి నల్లబడ్డాయి, ముందు పళ్ళు రెండు తీగలు కొరికి కొరికి ఊడిపోయాయి. ఎవరు పలకరించినా మెడ ఎడమకి తిప్పి కుడి చెవి ఎదర పెడతాడు. కొత్తవాళ్ళు అది పొగరనుకుంటారు. బొబ్బిలి కిరస్తానపు వీధిలో మైకుసెట్టు ఎజ్రా అంటే చిన్నపిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు గానీ, ఆ ఎడమ చెవి సంగతి భార్య లీలారాణికి తప్ప ఎవరికీ తెలియదు. అమ్మవారి పండక్కి మైకు కట్టినందుకు సంఘపెద్దలు అతనికి రెండుసార్లు గుడిలో ప్రభువు బల్ల రొట్టె ఆపారు. "కందకి లేని దురద కత్తిపీటకెందుకు? దేవుడికి లేని కోపం ఈళ్ళకేటి?" అంటుంది లీలారాణి. అని, మర్నాడు ఆవిడే తీగలు చుట్టి ట్రాలీ ఆటోలో పెడుతుంది.

మిగతా మైకువాళ్ళు స్పీకరు పెట్టె బిగించగానే "హలో, మైక్ టెస్టింగ్" అంటారు. ఎజ్రా అనడు. మునుపు రికార్డు పెట్టేవాడు; ఇప్పుడు పెన్‌డ్రైవు ఒకటి యాంప్లిఫయరుకి గుచ్చి, ఒక ఇంగ్లీషు పాట మొదటి అరనిమిషం పెట్టి, కళ్ళు మూసుకుని వింటాడు. ముందు ఎనిమిది దెబ్బలు. ఒక్క మనిషి, ఒక్క డ్రమ్ము, తలుపు బద్దలుకొడుతున్నట్టు. తొమ్మిదో దెబ్బ మీద గిటారు రంపంలా దిగుతుంది. దాని వెనకే గొంతు. మగాడి గొంతే, ఆడదాని నవ్వు కలిసిన గొంతు. ఆ ఎనిమిది దెబ్బల్లో పెట్టె బలం తెలుస్తుంది, రంపంలో గొట్టం పగులు తెలుస్తుంది, గొంతులో తీగ వదులు తెలుస్తుంది. అది తెలియగానే ఆపేస్తాడు. నలభై ఏళ్ళుగా ఆ పాట ఊళ్ళల్లో అరనిమిషం దాటి మోగలేదు. ఆ తరవాత పెళ్ళివాళ్ళు చెప్పిన పాట, పార్టీవాళ్ళు చెప్పిన పాట, పాస్టరుగారు చెప్పిన పాట. మైకువాడికి నోరు పెద్దది, మాట మాత్రం అద్దె ఇచ్చినవాళ్ళది.

ఆ రికార్డు అతని చేతికి వచ్చిన తీరు కూడా దెబ్బలతోనే మొదలైంది. తండ్రి ఆదాము మిషను బంగళాలో వంటవాడు. డెబ్భై మూడులో కెనడా దొరలు బంగళా ఖాళీ చేస్తూ పన్నెండు రికార్డుల పెట్టె అతనికి ఇచ్చిపోయారు. పదకొండు కీర్తనలు. పన్నెండోది దొర కొడుకు పొరపాటున వదిలేసింది. దాని అట్ట మీద వెండి చొక్కా వేసుకుని, కళ్ళ చుట్టూ నీలం రంగు పూసుకుని, ఎత్తు మడమల బూట్లతో ఒక మనిషి చేతులు చాచి నిలబడి ఉన్నాడు. ఆ వీధిలో క్రిస్మస్ నాటకానికి దేవదూత వేషం ఎలా కడతారు? తళతళలాడే ముచ్చి కాగితం చొక్కా, బుగ్గలకి రోజా రంగు, కళ్ళకి కాటుక, భుజాలకి అట్టముక్కలు. పెద్దలంతా అట్ట చూసి, ఇది లండను సంఘంవాళ్ళ క్రిస్మస్ నాటకమేనని తేల్చేశారు. పాస్టరుగారైతే గాబ్రియేలు వేషం బాగా కట్టారని మెచ్చుకున్నారు కూడా. క్రిస్మస్ పొద్దుటి ఆరాధనలో రికార్డు పెట్టి, గుడి మీద కట్టిన గొట్టంలోంచి ఊరంతటికీ వినపడేలా ఆ దూతని పలికించారు.

ఎనిమిది దెబ్బలు పడ్డాయి. తొమ్మిదోదాని మీద రంపం దిగింది. గుడిలో రెండొందల మంది రాయిలా కూర్చుండిపోయారు. పన్నెండేళ్ళ ఎజ్రా ఒక్కడే, తెలియకుండానే, బెంచీ మీంచి లేచి మడమలతో నేలని తన్నుతున్నాడు. సంఘపెద్ద ఒకాయన పరిగెత్తి ముల్లు లాగేస్తే రికార్డు మీద అడ్డంగా గీత పడింది. ఆదాము కొడుకుని జుట్టు పట్టుకుని వసారాలోకి ఈడ్చి, నడుము బెల్టు విప్పాడు. బెల్టు ఇత్తడి బిళ్ళ ఎడమ చెవి మీద మూడుసార్లు పడింది. ముక్కులోంచీ చెవిలోంచీ రక్తం కారి కొత్త చొక్కా అంతా తడిసింది. దెబ్బకి దెయ్యం వదులుతుందంటారు. ఎజ్రాకి వదల్లేదు, చెవి పోయింది. సాయంత్రం తండ్రి చెత్తకుప్పలో పారేసిన రికార్డుని వాడు చొక్కా కింద దాచి తెచ్చుకున్నాడు.

తరవాతి నలభై ఏళ్ళూ ఇంట్లో, తలుపులు వేసుకుని, కుడి చెవి పెట్టెకి ఆనించి విన్నాడు. మాటలు తెలియవు. రికార్డు మొదటి పక్క అయిదు పాటలు, తిప్పితే రెండో పక్క నాలుగు. రెండో పాటలో చప్పట్లు ఒక చోట కావాలనే ఆలస్యం చేస్తారు. మూడో పాటలో ఆ మనిషి చెవిలో గుసగుసలాడి, హఠాత్తుగా మొహం మీద అరుస్తాడు. మొదటి పక్క ఆఖరి పాట మెల్లగా పియానోతో మొదలై, పోనుపోను ఎంతమందో కలిసి మాటల్లేకుండా గొంతెత్తుతారు. గుడిలో కలిసి పాడినట్టే ఉంటుంది గానీ అక్కడ ఎవరూ ఎవరినీ కొట్టబోవడం లేదని తెలిసిపోతుంది. ఆ పాట వింటే ఎజ్రాకి ఏడుపొస్తుంది. ఎందుకో ఎవరైనా అడిగితే చెప్పలేడు, అందుకే ఎవరికీ వినిపించలేదు.

వినిపించింది జగన్నాధానికి ఒక్కడికే. విజయనగరంలో అతనికి సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టుంది. రెండేళ్ళ కిందట రికార్డుని గీత చప్పుడుతో సహా పెన్‌డ్రైవులోకి ఎక్కించి ఇచ్చింది అతనే. పాటలు విడగొట్టలేదు, ఒక పక్కంతా ఒకే ముక్క. అప్పుడే అట్ట మీది పేరు ఇంటర్నెట్‌లో కొట్టి చూశాడు.

"మావా, దీన్ని గ్లామ్ రాక్ అంటార్ట. ఇంగ్లండోళ్ళది. మొగోళ్ళు రంగులేసుకుని పాడీవోరట. ఈ రికార్డు గురించి ప్రపంచమంతా రాస్తన్నారు సూడు."

"ఏటి రాస్తన్నారు?"

జగన్నాధం ఒక్కొక్కటీ చదివి చెప్పాడు. ఒకామె తన పెళ్ళి రోజున విన్నానని రాసింది. ఒకడు జైల్లో విన్నానని రాశాడు. ఇంగ్లండులో ఏదో మిల్లుల ఊళ్ళో బస్సు నడిపే ముసలాయన, ఈ అట్ట మీది బొమ్మ చూసి మా నాన్న పొయ్యి ఎగదోసే ఇనప కడ్డీతో నన్ను కొట్టాడు, మోచెయ్యి ఇప్పటికీ వంగదు, అయినా రోజూ వింటున్నాను అని రాశాడు.

"ఆణ్ణీ కొట్టీసినారేటి," అన్నాడు ఎజ్రా. తెల్లవాళ్ళ ఇళ్ళలోనూ తండ్రులు కొడతారన్న సంగతి అతనికి ఆ రోజే తెలిసింది. "నాను కూడా ఇన్నానని రాయి. బొబ్బిలని రాయి. సెవి సంగతి కూడా రాసీ."

వారం తిరక్కుండా బస్సాయన బదులు రాశాడు. జగన్నాధం ఫోను చేసి మరీ చదివాడు. బొబ్బిలి ఎక్కడుందో మ్యాపులో చూశాను, గది లోపల వింటే సగమే విన్నట్టు, ఒక్కసారి ఆరుబయట పెద్ద చప్పుడుతో ఒక పక్క మొత్తం మధ్యలో ఆపకుండా విను, విని ఎలా ఉందో నాకు రాయి అని దాని సారాంశం. అప్పటినుంచీ ఎజ్రాకి అదే యావ. రెండు గొట్టాలూ ఒక పెట్టే సొంతంగా ఉన్న మనిషికి ఇరవై రెండు నిమిషాలు తన పాట పెట్టుకునే చోటు మూడు జిల్లాల్లో దొరకలేదు. ఒక పెళ్ళిలో భోజనాలవేళ పెడితే అరనిమిషం దాటకుండానే పెళ్ళికొడుకు మేనమామ చెంప పగలగొట్టాడు.

ఇవాళ గొట్టం కట్టి దిగగానే కింద వీధి పెద్ద నరసింగరావు అతని దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. చెరకు తోటల ఆసామి, ఎజ్రా కన్నా పదేళ్ళు చిన్న. తెల్లచొక్కా మీద మేక రక్తం చుక్కలు పడ్డా తుడుచుకోలేదు. పై వీధివాళ్ళు విజయనగరం నుంచి డీజే తెప్పించారు. లారీ నిండా మనిషెత్తు పెట్టెలు. ఆ రోజు పెళ్ళిళ్ళు ఎక్కువై కింద వీధికి డీజే దొరక్క, ఎజ్రాని పిలిచారు.

"ఒరే ఎజ్రా. పోయినేడు ఏటైనాదో తెల్సునా?"

"తెల్సు బాబూ."

"మా ఘటాలు మలుపు తిరుగుతన్నాయి. ఆళ్ళ డీజే దెబ్బకి మా డప్పులు మాకే ఇనపడనేదు. ఆళ్ళు నవ్వినారు. ఈ యేడు నవ్వితే ఆళ్ళ పళ్ళు రాలగొడతాను. దానికి ముందు నీ గొట్టాలిరగ్గొట్టి నీ గొంతులో దింపుతాను."

"ఏ పాట ఎయ్యమంటారు బాబూ?"

"ఏటైనా ఎయ్యి. కుక్కలరుపులెయ్యి. ఆళ్ళది మన ఈధిలో ఇనపడకూడదు, అంతే."

ఏటైనా ఎయ్యి. ఆ మాట ఎజ్రాతో ఎవరూ అనలేదు, ఆ నలభై ఏళ్ళలో ఒక్కసారి కూడా. నరసింగరావు వెళ్ళిపోయాక కూడా అతను మెడ తిప్పుకుని అలాగే నిలబడ్డాడు. తరవాత యాంప్లిఫయరు ముందు గొంతుకూచుని, పెన్‌డ్రైవుని లుంగీకి తుడిచి గుచ్చాడు.

గొట్టం సంగతి అతనికి తెలుసు. డీజే పెట్టెలకి బరువుంది, గొట్టానికి మొన ఉంది. బరువు దగ్గరున్నవాడి గుండె మీద కూర్చుంటుంది. మొన దూరంగా ఉన్నవాడి చెవిలో దిగుతుంది. పై వీధి దిక్కుగా రెండు గొట్టాలూ తిప్పి, రంపానికి దారిచ్చేలా మీటలు జరిపాడు. నరసింగరావు కేకలెయ్యడానికని మైకు వేరే తీగకి తగిలించి పక్కన పెట్టాడు.

మూడు గంటల ఎండలో ఘటాలు బయల్దేరాయి. కింద వీధి ఆడవాళ్ళు తలల మీద పసుపు పూసిన కుండలతో, వేపమండలతో, డప్పుల వెనకాల మలుపు దాకా వచ్చారు. సరిగ్గా అప్పుడే పై వీధి లారీ మలుపులోకి తిరిగింది. నేల అదిరింది. ఇంటి కప్పుల మీది పెంకులు గలగలమన్నాయి. లారీ ముందు గంతులేస్తున్న కుర్రాళ్ళకి నాయకుడు దేవేంద్ర. తాగి ఉన్నాడు, నుదుట రక్తపు బొట్టు, చేతిలో జెండా కర్ర. కింద వీధి డప్పు చచ్చిపోయింది. పై వీధివాళ్ళు నవ్వారు.

ఎజ్రా మీట నొక్కాడు.

ఎనిమిది దెబ్బలు ఊరి మీద పడ్డాయి. తొమ్మిదోదాని మీద రంపం దిగింది. లారీ చప్పుడు ఒక్కసారిగా చీలిపోయింది; ఆ పెట్టెల గుండెదడ అలాగే ఉంది గానీ దాని మీద పాట వినపడడం మానేసింది. వెండి చొక్కా మనిషి గొంతు పై వీధి చివర దాకా వెళ్ళి గోడలకి తగిలి వెనక్కి వచ్చింది. కింద వీధి కుర్రాళ్ళు ఒక్క క్షణం నోళ్ళు తెరుచుకుని, మరుక్షణం విరగబడి ఎగిరారు. డప్పులవాళ్ళు ఆ దెబ్బ పట్టేసుకున్నారు. పూనకం వచ్చిన ఒక ముసలిది ఘటంతో సహా గిరగిరా తిరిగింది. ఎజ్రా కళ్ళు మూసుకోలేదు. తన పాటకి మనుషులు ఎగరడం అతను మొదటిసారి చూస్తున్నాడు. గీత పడ్డ చోట టక్కు టక్కుమని ఏడుసార్లు మోగితే, ఆ టక్కులకి కూడా ఎగిరారు.

రెండో పాట చప్పట్లలో దేవేంద్ర వచ్చాడు. "ఆపరా కిరస్తానపోడా. అమ్మోరి పండగలో ఏటా ఏడుపు?" అని తీగల మీద చెయ్యి వేశాడు. నరసింగరావు వెనకనించి వచ్చి వాడి జెండా కర్ర లాక్కుని దానితోనే మొహం మీద కొట్టాడు. ముక్కు ఎముక విరిగిన చప్పుడు పాటలో కలిసిపోయింది. అంతే. పై వీధి వాళ్ళు మీద పడ్డారు. కర్రలు, డప్పు పుల్లలు, మేకని నరికిన కత్తి. ఎవడో పెంకులు ఊడదీసి విసిరాడు. అందులో ఒకటి ముసలిదాని ఘటానికి తగిలి కుండ పగిలింది. పసుపునీళ్ళు ఆవిడ మొహం మీంచి కారాయి. పెద్దలెవరైనా అప్పటిదాకా ఆపేవారేమో గానీ, ఘటం పగిలాక ఇంక ఆపేవాడు లేడు. ఒకడి చెయ్యి మోచేతి కింద వేలాడుతోంది. ఒకణ్ణి కాలవలోకి తోసి తల మీద తొక్కుతున్నారు.

"పాటాపురా, ఒరే ఎజ్రా, ఆపీరా," అని ఎవరో అరిచారు. ఏ వీధివాళ్ళో తెలియదు. ఆపడానికి ఒక్క వేలు చాలు. ఆపితే గొడవ చల్లారేదేమో. ఎజ్రాకి అది తెలుసు, తెలిసే ఆపలేదు. మూడో పాట గుసగుస అయిపోయి అరుపు రాబోతోంది. అతను యాంప్లిఫయరు మీద వంగి, రెండు చేతులూ చుట్టి, పిల్లని పొదువుకున్నట్టు పొదువుకున్నాడు. వీపు మీద కర్రలు పడ్డాయి. లెక్కపెట్టలేదు. ఆబోతులు పోట్లాడుకుంటే లేగదూడల కాళ్ళు విరిగినట్టని సామెత. ఈ దూడ మాత్రం కావాలనే మధ్యలో నిలబడింది. మంచివాడు చేసే పని కాదది. ఒక్కరోజు తనక్కావలసింది తను చేసుకున్న పని.

కాలవగట్టు మీంచి వచ్చిన ఇటుక కుడి కణతకీ చెవికీ మధ్య తగిలింది. ఎజ్రా పక్కకి ఒరిగి పెట్టెని ఆనుకుని కూలబడ్డాడు. మైకు జారి ఒళ్ళో పడింది. లోకం చప్పుడంతా ఎవరో గుడ్డ కప్పినట్టు ఆగిపోయింది.

మొదట పాట ఆగిందనుకున్నాడు. యాంప్లిఫయరు వంక చూస్తే చప్పుడు కొలిచే సూది ఊగుతూనే ఉంది. జనం నోళ్ళు తెరుస్తున్నారు, చప్పుడు లేదు. అప్పుడు అర్థమైంది. చెయ్యి చెవి దగ్గర పెట్టి చూసుకుంటే వేళ్ళు ఎర్రగా, జిగటగా తడిశాయి. "ఇదీ పోనాదా," అనుకున్నాడు. నొప్పి కన్నా ముందు దుఃఖం వచ్చింది. ఇంకొక్క పది నిమిషాలు ఉండి పోయినా బాగుండేది.

పోలీసు జీపు వస్తోందని ఎవరో కేక వేయడంతో అయిదు నిమిషాల్లో మలుపు ఖాళీ అయింది. జీపు మాత్రం రాలేదు. దెబ్బలు తిన్నవాళ్ళని ఆటోల్లో ఎత్తుకుపోయారు. లారీ వెనక్కి తిరిగి పారిపోయింది. మిగిలినవాళ్ళు ఇళ్ళల్లో దూరి తలుపులు వేసుకున్నారు. మైకువాణ్ణి ఎత్తుకుపోయే పని ఏ వీధిదీ కాదు. ఖాళీ వీధిలో, పగిలిన కుండపెంకుల మీద, తెగిన మేక తల మీద, రెండు గొట్టాలూ నాలుగో పాట పాడుతున్నాయి. ఆపేవాళ్ళు ఎవరూ లేరు.

ఎజ్రా అరచెయ్యి పెట్టె చెక్క మీద పరిచాడు. చెక్క కొట్టుకుంటోంది. నాలుగోదే. వేళ్ళతో దెబ్బలు పట్టుకున్నాడు. ఇక్కడ గిటారు, ఇక్కడ ఆ నవ్వు, ఇక్కడ చిన్న విరామం. చెక్క నెమ్మదించింది. ఆఖరి పాట మొదలైందన్నమాట. పియానో చెక్కలోకి సరిగా రాదు, అందుకని అంచనా మీద వెళ్ళాడు, చీకటి గదిలో సొంతింటి గోడ తడుముకున్నట్టు. తల వాలిపోతోంది. అందరూ కలిసి గొంతెత్తే చోటు ఎప్పుడొస్తుందో అరచేతికి సరిగా తెలియలేదు. వచ్చిందనుకున్నాడు, కాదనుకున్నాడు. కళ్ళ ముందు సూది మసకబారింది.

ఇళ్ళల్లో ఉన్నవాళ్ళు మాత్రం విన్నారు. వినక తప్పలేదు. ఎంతోమంది కలిసి మాటల్లేకుండా పాడే ఆ పాట తలుపు సందుల్లోంచి వచ్చింది, ఇందాక తన్నుకున్న రెండు వీధుల్లోకీ ఒకేలా వచ్చింది. అది మెల్లమెల్లగా సన్నగిల్లి ఆగిపోయింది. తరవాత గొట్టాల్లోంచి ఒక మనిషి ఊపిరి వినపడింది. బరువుగా, గరగరమని, ఊరంతా ఆ ఊపిరి.

"అయిపోనాదా?" అన్నాయి గొట్టాలు.

"నాకు ఇనపడతన్నేదు బాబూ. ఎవులైనా సెప్పండి. మొత్తం అయిపోనాదా?"

మలుపుకి ఎదురింట్లో ఉండే తాతమ్మ, ఘటం పగిలిన ముసలావిడే, ఇంకా పసుపునీళ్ళతో తడిసిన చీరతో గడియ తీసింది. కొడుకు చెయ్యి పట్టుకుని ఆపబోతే విదిలించుకుంది. గడపలో నిలబడి గొంతు చించుకుంది. "అయిపోనాది నాయినా. మొత్తం అయిపోనాది. బాగున్నాది."

ఎజ్రా ఆవిడ వైపు చూడలేదు. వినపడితే కదా చూడ్డానికి. గొట్టాల్లో ఊపిరి ఒకటి వచ్చింది. చాలాసేపటికి ఇంకొకటి వచ్చింది. తాతమ్మ లోపలికి పరిగెత్తి చెంబుతో నీళ్ళు తెచ్చింది. కిరస్తానపోళ్ళకి నీళ్ళు ఎత్తి దోసిట్లో పొయ్యడమే గానీ చేతికి చెంబివ్వడం ఆ ఇంటికి అలవాటు లేదు. ఆవిడ మోకాళ్ళ మీద కూచుని, అతని వేళ్ళు తెరిచి, చెంబు చుట్టూ మూసింది. వేళ్ళు మూసుకోలేదు. ఆవిడ కాసేపు చూసి, అతని నోటి దగ్గర చెయ్యి పెట్టి, తీసేసి, చెంబుని పెట్టె మీద పెట్టింది. కొంగు నోట్లో కుక్కుకుని లేచి, జనాన్ని పిలవడానికి రెండు వీధుల్లో ఎటు వెళ్ళాలో తెలియక మలుపులో నిలబడిపోయింది.

మీట ఎవరూ కట్టెయ్యలేదు. పెట్టె ఖాళీగా గుర్రుమంటుంటే, దాని మీది ఇత్తడి చెంబులో నీళ్ళు సన్నగా వణుకుతున్నాయి.